ప్యాకెట్లో గింజలు, పొలంలో మొక్కలు

2023 డిసెంబరు. గుంటూరులో విత్తనాలను పరీక్షించే ఒక చిన్న ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. మొక్కలోంచి డీఎన్ఏ తీయడానికి అంతకుముందు ఫినాల్, క్లోరోఫామ్ వాడేవాళ్ళం. రెండూ విషాలే. వాడాక ఎక్కడ పారబోయాలన్నా భయమే. రెడీమేడ్ కిట్లు కొనే స్తోమత మాకు లేదు. అందుకే ఆ ఏడాది ఉప్పు పద్ధతికి మారాం. లేతాకును నూరి, డిటర్జెంట్ నీళ్ళలో వేడిచేసి, చిక్కటి ఉప్పునీళ్ళు కలిపితే ప్రోటీన్లు అడుక్కి దిగుతాయి. పైన తేరిన నీళ్ళలో చల్లటి ఆల్కహాల్ పోస్తే డీఎన్ఏ తెల్లటి నూలుపోగుల్లా తేలుతుంది.

చిలకలూరిపేట వైపు నుంచి సాంబయ్య అనే మిరప రైతు వచ్చాడు. వెంట, అతనికి విత్తనాలమ్మిన కొట్టు యజమాని మస్తాన్ గారు. సన్నగా, పొడుగ్గా రావలసిన కాయలు పొట్టిగా, లావుగా కాశాయి.

"నకిలీవి అంటగట్టాడు మేడమ్. నలుగురిలో చొక్కా పట్టుకుని దొంగా అన్నాను. తప్పా?" అన్నాడు సాంబయ్య.

"సీలు తీయకుండా ఇచ్చానండి. పరీక్షలో ఏం తేలితే దానికి కట్టుబడతా," అన్నారు మస్తాన్ గారు తలెత్తకుండా.

పొలంలోని ఆకులనూ, ప్యాకెట్లో మిగిలిన గింజలనూ, కంపెనీ నుంచి తెప్పించిన అసలు విత్తనాన్నీ పక్కపక్కనే పరీక్షించాను. జెల్ మీద, అంటే డీఎన్ఏ ముక్కలు గీతలుగా విడిపోయే జిగురు పలక మీద, గీతలు చూసి నిర్ఘాంతపోయాను. ప్యాకెట్లో గింజలు అసలువే. పొలంలో మొక్కలే వేరే రకం!

ముందు నా ఉప్పునీళ్ళనే అనుమానించాను. మళ్ళీ తాజా ఆకులు తెప్పించి చేశాను. కొన్ని నమూనాలు కిట్లు వాడే వేరే ల్యాబ్‌కూ పంపాను. అక్కడా అదే ఫలితం.

ఇద్దరినీ పిలిపించి ఫలితం చెప్పాను. "నారు ఎక్కడ పెంచారండీ?" అని అడిగాను.

"మా బావమరిది శ్రీను నర్సరీలో. గింజలు వాడి చేతికే..." సాంబయ్య మాట మధ్యలోనే ఆగిపోయింది. ఫోన్ తీసి స్పీకర్ పెట్టాడు. "ఒరేయ్, నేనిచ్చిన గింజలేం చేశావురా?"

అవతల శ్రీను గొంతు తగ్గించాడు. "నారు మొత్తం కుళ్ళిపోయింది బావా. చెబితే అక్క మీద విరుచుకుపడతావని భయమేసింది. బయట దొరికిన నారు తెచ్చిచ్చా."

సాంబయ్య ఫోన్ కట్టేయడం కూడా మర్చిపోయి మస్తాన్ గారి చేతులు పట్టుకోబోయాడు. ఆయన వెనక్కి తీసుకున్నారు.

"మా పిల్లల్ని బళ్ళో దొంగ కొడుకులన్నారు సాంబయ్యా. ఈ గదిలో చెబితే ఎట్టా? ఎక్కడ అన్నావో అక్కడ చెప్పు."

ఆ సాయంత్రమే కొట్టు ముందు నిలబడి, వచ్చేపోయే వాళ్ళందరి ముందూ సాంబయ్య తప్పొప్పుకున్నాడట. ఆ సంగతి మస్తాన్ గారే ఫోన్ చేసి చెప్పారు. చెబుతూ ఏడ్చారు.

ఉప్పు పద్ధతి మీద నాకు ఆ కేసుతోనే నమ్మకం కుదిరింది. అయితే మొక్క ఏ రకమో జెల్ చెబుతుంది కానీ, అది పొలంలోకి ఎట్లా వచ్చిందో చెప్పదు. ఇప్పుడు ఎవరు ఆకులు తెచ్చినా, విత్తనం ఎవరెవరి చేతులు మారిందో అడిగాకే నూరడం మొదలుపెడతాను.