ఊపిరికి ఎన్ని బ్యాటరీలు

లిఫ్టుల కంపెనీలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసిన ఆ మెకానిక్కును సొంత పేరుతో పిలిచినవాళ్ళు తక్కువ. అందరికీ ఆయన ‘ఇంకోసారి’. ఏ పని ముగించినా, స్పానరు సంచిలో పెట్టబోతూ ఆగి, "ఇంకోసారి చూద్దాం" అనడం ఆయన అలవాటు. ఈ మనిషి అన్నం ముద్దను కూడా ఇంకోసారి చూసిగానీ నోట్లో పెట్టుకోడని తోటివాళ్ళు వెక్కిరించేవాళ్ళు. అయితే ఆయన చెయ్యి పడిన లిఫ్టు ఒక్కటి కూడా మనిషిని రెండు అంతస్తుల మధ్య వేలాడదీసిన పాపాన పోలేదు. అందుకు కారణం తెలివి కాదు, భయం. ఆ మాట ఆయనే సిగ్గుపడకుండా చెప్పుకునేవాడు.

ఆ పనిలో ఒక పద్ధతి ఉంటుంది. కొలిచేవాడు ఒకడు, రాసేవాడు ఇంకొకడు. కొలిచినవాడు అంకెను పైకి చదవాలి. రాసేవాడు అదే అంకెను తిరిగి పలికి, ఆ తరవాతే రాయాలి. ఇందులో అబద్ధానికి చోటు లేదు, ఎందుకంటే ఆ లిఫ్టు తాడును నమ్మి కింద నిలబడేది మళ్ళీ వాళ్ళలో ఒకడే. రిటైరయ్యాక ఆయన ఈ పద్ధతిని ఇంటికి మోసుకొచ్చాడు. గ్యాసు మీటరు, నీళ్ళ మీటరు, కారు టైర్లలో గాలి, ఆఖరికి తన బరువు కూడా ఆయన చదివితే భార్య తిరిగి చెప్పి రాయాల్సిందే. ఆవిడ ఇరవై ఎనిమిదేళ్ళు భూగోళం పాఠాలు చెప్పిన టీచరు. చేతిరాత ముత్యాల్లా ఉంటుంది.

రెండేళ్ళ కిందట ఆవిడ ఊపిరితిత్తులు గట్టిపడటం మొదలైంది. అప్పట్నుంచి హాల్లో సోఫా పక్కన ఆక్సిజన్ మెషీను ఒకటి గుర్రు పెడుతూ కూర్చుంది. ముక్కు దగ్గరి గొట్టం, దాని వెనకాల పొడుగాటి పైపు, ఆ పైపు పోయినంత మేరే ఆవిడ ప్రపంచం. డాక్టరు ఆక్సిజన్ ఎంత రావాలో తేల్చే డయలు చూపించి ఒకటే మాట చెప్పాడు: "మూడు. రాత్రయినా పగలయినా మూడు. తగ్గించొద్దు."

కిందటి చలికాలం ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. మెషీను కీచుమని అరవడం మొదలుపెట్టింది. అలాంటప్పటి కోసం మూలన సిలిండరు ఉంది. దాన్ని తెరిచే స్పానరులాంటి తాళం మాత్రం ఉండాల్సిన చోట లేదు. ముందురోజు వంటింటి కొళాయి బిగించడానికి వాడి అక్కడే వదిలేసింది ఆయనే. అది దొరకడానికి ఏడు నిమిషాలు పట్టింది. ఆ ఏడు నిమిషాల్లో భార్య పెదాలు నేరేడు పండు రంగుకు తిరగడం ఆయన చూశాడు. ఆ రోజు నుంచి ఫ్యాను ఆగితే గుండె ఆగినంత పనయ్యేది ఆయనకు.

అలాంటి మనిషితో ఆవిడ ఒక ఉదయం, "ఉప్పు సరస్సు చూడాలనుందండీ" అంది.

ఆ సరస్సు రెండు రోజుల ప్రయాణం. ఆవిడ దాన్ని ఏటా బోర్డు మీద తెల్ల చాక్‌పీసుతో గీసింది, పిల్లల చేత గీయించింది, పరీక్షల్లో అడిగింది. ఒక్కసారి కూడా చూడలేదు. చివరి మూడు గంటల దారిలో ఇల్లు లేదు, కరెంటు స్తంభం లేదు. ఆయన నోటిదాకా వచ్చిన ‘కుదరదు’ను మింగి, "చూద్దాం" అన్నాడు. చూద్దాం అంటే ఏమిటో ఆవిడకు ముప్ఫై ఏళ్ళుగా తెలుసు.

ఆవిడ తమ్ముడు వెల్డింగు షాపు నడుపుతాడు. ఎవరో వదిలేసిపోయిన ట్రైలరు ఒకటి అతని దగ్గర ఉంది. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చక్రాల గది అన్నమాట. లోపల ఒక మంచం, ఒక స్టవ్, రెండు కిటికీలు, గుమ్మానికి రెండు మెట్లు. అక్క కోరిక విన్నాక అతను దాన్ని కడిగి, రంగు వేసి ఇంటి ముందు నిలబెట్టాడు.

"బావా, పైన సోలార్ ప్యానెళ్ళు, కింద బ్యాటరీలు. ఇంకేం కావాలి?" అన్నాడు. "అంత భయమైతే చిన్న జనరేటరు కూడా పడేద్దాం."

"దాని పొగ మీ అక్క పీల్చాలా? బుర్ర ఉండే మాట్లాడుతున్నావా?"

"సరే, తప్పయిపోయింది. మరి ఎన్ని ప్యానెళ్ళు పడతాయో నువ్వే తేల్చు. నువ్వు తేల్చేలోపు ఆ సరస్సు ఎండిపోకుండా ఉంటే చాలు."

ఆయన టేపు పట్టుకుని పైకెక్కాడు. గాలి రంధ్రం, పై కిటికీ పోను అయిదు ప్యానెళ్ళకే చోటుంది. మంచి ఎండ కాస్తే అవి రోజుకు నాలుగు యూనిట్ల కరెంటు ఇస్తాయి. ఇరుసు మోయగల బరువు ప్రకారం బ్యాటరీలు నాలుగే పెట్టాలి. వాటిలో పది యూనిట్లు నిలవుంటాయి. అంతకు మించి ఆశపడటానికి లేదు. ఇక తేలాల్సింది ఒకటే. మెషీను రోజుకు ఎంత తింటుంది? నాలుగు లోపయితే ప్రయాణం ఉంది, మించితే లేదు.

గోడ ప్లగ్గుకు మీటరు పెట్టి మూడు రోజులు కొలిచాడు. ప్లగ్గు సోఫా వెనకాల ఉంది, మెషీను డయలు ఆవిడ కుర్చీ వైపు ఉంది. రోజూ ఉదయం ఆయన సోఫా వెనక మోకాళ్ళ మీద వంగి చదివేవాడు.

"మూడు పాయింటు ఆరు."

"మూడు పాయింటు ఆరు," అని ఆవిడ నోట్‌బుక్‌లో రాసేది.

"డయలు?"

"మూడు."

మూడు రోజులూ అదే అంకె. బావమరిది చప్పట్లు కొట్టి అదే వారం ప్యానెళ్ళు బిగించేశాడు. ఆయనకు మాత్రం లోపల పీకుతూనే ఉంది. కుదరని లెక్క కంటే కుదిరిన లెక్క అంటేనే ఆయనకు ఎక్కువ భయం. అందుకని రిహార్సల్ అన్నాడు. ఇంటి గుమ్మం ముందే, ట్రైలర్లో మూడు రోజులు కాపురం. ఇంట్లోంచి ఒక వైరు లాగి పెట్టాడు గానీ స్విచ్చి వెయ్యలేదు. సిలిండరు తాళాన్ని తాడు కట్టి మెడలోనే వేసుకున్నాడు. దాన్ని చూసి బావమరిది ఏదో అనబోయి, అక్క ముఖం చూసి ఊరుకున్నాడు.

మొదటి రోజు ఎండ బాగానే కాసింది. సాయంత్రానికి బ్యాటరీ నిండుగా ఉంది. తెల్లారాక ఎనభై రెండు శాతం మిగలాలని ఆయన కాగితం చెప్పింది. ఏడు గంటలకు బ్యాటరీ మీటరు తెర మీద చూస్తే అరవై ఆరు.

ఇంకోసారి చూశాడు, అరవై ఆరే. బయట ఆకాశం మబ్బు పట్టి ఉంది. కరెంటు ఎటు పోతోంది? నిచ్చెనేసి ఎక్కి ప్యానెళ్ళు తుడిచాడు. ప్రతి వైరునూ చేత్తో తడిమి, ఎక్కడైనా వేడెక్కిందేమోనని చూశాడు. బ్యాటరీల పెట్టె తెరిచి నట్లన్నీ బిగించాడు. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. తప్పు దొరికితే ధైర్యం వచ్చేది, అది దొరక్కపోవడంతో భయం రెట్టింపయింది. నిర్మానుష్యంగా ఉన్న ఆ సరస్సు ఒడ్డున ఇదే జరిగి ఉంటే? మెషీను కీచుమంటుంటే తను ఇలాగే నట్లు బిగిస్తూ తిరిగేవాడు. పదయ్యేసరికి అరవై నాలుగు.

చివరికి వైరు చుట్టూ తగిలించి కొలిచే మీటరు తెచ్చి, మెషీనుకు వెళ్ళే తీగకు పెట్టాడు. నూట యాభై వాట్లు రావాల్సిన చోట రెండు వందల డెబ్బై వచ్చింది.

"మెషీను పాడైంది," అన్నాడు. "ఇంత లాగకూడదు. డయలు ఎంతుంది?"

మంచం మీదున్న ఆవిడ కిటికీ వైపు తిరిగింది. ఆయనే వంగి చూశాడు. డయలు మూడు మీదే ఉంది.

"మూడే కదా! మరి ఇంట్లో మూడు మీద సగమే లాగింది, ఇక్కడెందుకు..." అంటూనే ఆగిపోయాడు. నిదానంగా తలెత్తి భార్య వంక చూశాడు.

"ఇంట్లో మూడు మీద లేదండీ," అంది ఆవిడ. "ఒకటిన్నర మీద పెట్టాను."

"ఎప్పుడు?"

"కొలిచిన మూడు రోజులూ."

ముప్ఫై నాలుగేళ్ళలో ఆయన నట్లను అనుమానించాడు, తాళ్ళను అనుమానించాడు, పై అధికారి సంతకాన్ని కూడా అనుమానించాడు. తిరిగి పలికే గొంతును అనుమానించాలని మాత్రం ఎన్నడూ తోచలేదు.

"ఇక్కడ కూడా అలాగే ఉందామనుకున్నా. కానీ ఆ రెండు మెట్లు ఎక్కి వచ్చేసరికి ఊపిరి ఆడలేదు. భయమేసి మూడుకు తిప్పేశాను. మళ్ళీ తగ్గించడానికి చెయ్యి రాలేదు."

"నీకేమైనా పిచ్చి పట్టిందా?" అని అరిచాడు. "డాక్టరు ఏం చెప్పాడు? చచ్చిపోతే?"

"అరవకండి. ఆ నోట్‌బుక్ ఇటివ్వండి."

ఆవిడ వెనకనుంచి తెరిచి ఆఖరి పేజీ చూపించింది. వేలికి తగిలించి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు అంకెలు, అదే ముత్యాల్లాంటి రాతలో, పూటకొకటి చొప్పున ఉన్నాయి. ఎనభై నాలుగు. ఎనభై మూడు. ఎనభై ఒకటి. తొంభై కిందికి దిగితే ఆస్పత్రికి ఫోన్ చెయ్యమన్నాడు డాక్టరు. ఎనభై ఒకటి ఉన్న రోజు ఉదయం ఆవిడ గోళ్ళు నల్లబడి ఉండటం ఆయన చూశాడు. చలికి అనుకున్నాడు. మూడు రోజులూ ఆయన కరెంటు మీటరు చూసి మురిసిపోయాడే గానీ ఒక్కసారైనా భార్య వేలు పట్టుకుని చూడలేదు. ఆ సంగతి తట్టగానే మెట్టు మీద కూలబడ్డాడు.

"ఎందుకు చేశావు?" అన్నాడు.

"మెషీను వెనకాల స్టిక్కరు మీద ఎన్ని వాట్లో రాసే ఉంది. గుణించడం నాకూ వచ్చు. మూడు మీద అయితే రోజుకు ఆరున్నర. మీ నాలుగులో అది పట్టదు."

"పట్టకపోతే మానేద్దుం కదా!"

"మానేస్తారనే."

బయట సన్నగా చినుకు మొదలైంది. పెళ్ళయ్యాక ఆవిడ చెప్పిన మొదటి అబద్ధం ఇదే కాకపోవచ్చు, ఆయన చెప్పబోయేది మాత్రం ఇన్నాళ్ళూ దాచుకున్న నిజం.

"పొద్దున అరవై ఆరు చూడగానే నాకు చచ్చేంత భయం వేసింది. దాని వెనకాలే కొంచెం హాయిగా కూడా అనిపించింది. అమ్మయ్య, ఇక వెళ్ళక్కర్లేదు అని."

"తెలుసు," అంది ఆవిడ. "ప్యానెళ్ళు బిగిస్తున్నన్ని రోజులూ మీరు ఆకాశం కేసి చూశారు. ఎండ కోసం కాదు, మబ్బు కోసం. కిటికీలోంచి నేను మిమ్మల్నే చూస్తున్నా."

ఆయన తల వంచుకున్నాడు. ఆవిడ దెప్పి ఉంటే తేలికయ్యేది. ఆయన లేచి, ఇంటి వైరు స్విచ్చి వేసి వచ్చాడు. ఆవిడ చెయ్యి తీసుకుని వేలికి క్లిప్పు పెట్టాడు. తొంభై రెండు వచ్చేదాకా ఊపిరి బిగబట్టి ఉన్నది ఆయనే.

తరవాత కొత్త కాగితం తీసుకున్నాడు. ఈసారి ఆరున్నరతో మొదలుపెట్టాడు. ప్రతి సాయంత్రం కరెంటున్న చోటే ఆగాలి, బ్యాటరీలు నింపుకోవాలి. ఆఖరి మజిలీ నుంచి సరస్సుకు మూడు గంటలు, తిరిగి రావడానికి మూడు గంటలు. ఎండను లెక్కలోకే తీసుకోలేదు. బ్యాటరీలో మూడింట రెండొంతులు ముట్టుకోకూడదని గీత గీశాడు.

"ఒడ్డున ఆరు గంటలు," అన్నాడు. "ఒక్క నిమిషం ఎక్కువ ఉండం. అయిదో గంట నుంచే నేను గొడవ పెడతాను."

"పెట్టండి."

"డయలు నా వైపు ఉండాలి."

"ఉండనివ్వండి."

మరుసటి వారం, తెల్లగా ఎండ కాస్తున్న ఉదయాన, బావమరిది ట్రైలరును కారుకు తగిలించి వెళ్ళాడు. మెషీను వెనక సీట్లో ఉంది, ట్రైలరు బ్యాటరీ నుంచి దానికి వైరు వచ్చింది, సిలిండర్లు రెండయ్యాయి. ఆయన భయం వీసమెత్తు తగ్గలేదు. స్టీరింగు మీద చేతులు చెమటతో జారుతుంటే ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఆఖరి నిమిషంలోనైనా ‘వద్దులెండి, లోపలికి పోదాం’ అంటుందేమోనని భార్య ముఖంలోకి చూశాడు. ఆవిడ ముక్కు దగ్గరి గొట్టం సర్దుకుంటోంది. సర్దిన గొట్టాన్నే ఇంకోసారి సర్దింది. ఎంతసేపు చూసినా ఆ మాట అనలేదు. ఆయన కారు స్టార్ట్ చేశాడు.