సామేల్ గులాబీకి అందని ఇనుము

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు హుజూరాబాద్ దగ్గర ఒక ప్రైవేటు టిష్యూకల్చర్ ల్యాబులో ప్రొడక్షన్ మేనేజరుగా చేరాను. మా ప్రధాన సరుకు అరటి మొక్కలు. గులాబీ అంటే మా డైరెక్టరుకు తలనొప్పి.

మెట్‌పల్లి పూలరైతు సామేల్ ఒకరోజు గులాబీ కొమ్మలు పట్టుకొచ్చాడు. వాళ్ల నాన్న పెంచిన వాసన రకం. ఎండుతెగులుకు తోటంతా పోయి ఒక్క చెట్టు మిగిలింది, అంట్లూ నిలవలేదు. "గిది గూడ పోతే ఆ రకమే ఉండది సారూ, జర జూడుండ్రి" అన్నాడు.

కణుపులు కోసి, శుద్ధిచేసి మీడియాలో పెట్టాం. మీడియా అంటే లవణాలు, చక్కెర, హార్మోను కలిపి అగర్‌తో గడ్డకట్టించిన ఆహారం. చాలా సీసాలు బూజుపట్టాయి. మిగిలినవాటిలో చిగుళ్లు వచ్చాయి గానీ ఆకుల్లో ఈనెలు పచ్చగానే ఉండి, వాటి మధ్య భాగం పసుపెక్కసాగింది. అంతలో చెట్టు ఎండిపోయిందని సామేల్ ఫోన్ చేశాడు. ఇక ఆ కొన్ని సీసాలే దిక్కు. నాకు కుర్చీలో కుదురు లేదు. టీ సగంలో వదిలేసి సీసాలుంచే గ్రోత్‌రూమ్‌కు పోయేవాణ్ని, నేను చూస్తే పచ్చబడతాయన్నట్టు.

డైరెక్టరు హార్మోను పెంచమన్నారు. పెంచితే చిగుళ్లు నీరుపట్టి పాడవుతాయని వాదించాను. ఈలోగా టెక్నీషియన్ లక్ష్మి సీసాలను ట్యూబులైట్ల దగ్గరికి జరిపింది. "నారు పాలిపోతే ఎండకు పెడ్తం గద సార్" అంది. పొలంలో అయితే సరే. ఇక్కడ పసుపు ఇంకా ముదిరింది, నా అనుమానం ఇనుము మీదికి పోయింది.

మీడియాలో మేం వాడే ఇనుము ఈడీటీఏ అనే పదార్థంతో కట్టి ఉంటుంది. వెలుతురుకు ఆ కట్టు విడిపోతుంది. అప్పుడు ఇనుము సీసాలో ఉన్నా మొక్కకు అందదు, ఆకు పసుపెక్కుతుంది. అరటి తట్టుకుంటుంది, ఈ గులాబీ తట్టుకోలేకపోయింది. వెలుతురుకు అంత తొందరగా చెదరని ఈడీడీహెచ్ఏ అనే మరో పదార్థంతో కట్టిన ఇనుము తెప్పించి, ఉన్న చిగుళ్లన్నీ అందులోకి మార్చాను. తప్పయితే రకమే పోతుంది.

కొత్త ఆకులు పచ్చగానే వచ్చాయి. వేళ్ల కోసం లవణాలు సగానికి తగ్గిస్తే, చూడవచ్చిన సామేల్ కంగారుపడ్డాడు. "తిండి తక్కువ జేస్తిరేంది సారూ?" అన్నాడు. కడుపు నిండిన మొక్క వేరు తొందరగా వెయ్యదని చెప్పాను, నమ్మినట్టు కనపడలేదు.

వేళ్లు వచ్చాక సీసాల్లోంచి తీసి బయటి గాలికి అలవాటు చేసేటప్పుడు కొన్ని చచ్చాయి. మిగిలినవి సామేల్ పట్టుకెళ్లి నాటాడు. మొదటి పూవు పూసినప్పుడు ఫోన్ చేసి, "గదే వాసన సారూ, మా బాపుదే" అన్నాడు.

తర్వాత నా సర్వీసులో ఏ మొక్క పాలిపోయినా, వేసింది అందుతోందో లేదో తేలేదాకా కొత్తది కలపనివ్వలేదు.