నాగేశప్ప చెవులు

తొమ్మిదేళ్లయింది. ఈ బరువు మోస్తూనే అన్నం తిన్నాను, నిద్రపోయాను, నలుగురిలో నవ్వాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి ఇంట్లో మనిషీ లేదు, నా భార్య అంతకు ముందే పోయింది. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెప్పగలననిపిస్తోంది.

నాది బేతంచెర్ల. నాపరాళ్ల ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేసి మానుకున్నాను. నాకున్న పిచ్చి ఒక్కటే, పాత రేడియోలు, పాత టీవీలు. లోపల గాజు వాల్వులు వేడెక్కి ఎర్రగా వెలిగితే గానీ మాట్లాడని రేడియోలు, చెక్క తలుపులు జరిపి చూసే బ్లాక్ అండ్ వైట్ టీవీలు. ఎవరైనా పాత సామాన్లకు వేయబోతుంటే అడిగి తెచ్చుకునేవాణ్ణి. ముందు గదిలో బల్ల మీద విప్పి, దుమ్ము దులిపి, చెడిపోయినవి మార్చి మళ్లీ పలికించేవాణ్ణి. చచ్చిందనుకున్న సెట్టు కాసేపు గురగురమని, ఉన్నట్టుండి మనిషి గొంతుతో మాట్లాడితే ఇంట్లోకి ఎవరో వచ్చినట్టుండేది. నిజం చెప్పాలంటే అందుకే చేసేవాణ్ణి.

నాగేశప్ప మా ఫ్యాక్టరీలోనే రాళ్లు కోసే రంపం దగ్గర పనిచేశాడు. ఆ మోతలో ఏళ్ల తరబడి నిలబడ్డవాళ్లకు చెవులు మందగించడం మామూలే. అతనికి మాత్రం ఏమీ కాలేదు. అది అతనికి గర్వం. శనివారం భజనలో ముందు పాట ఎత్తుకునేది అతనే. హార్మోనియం ఒక మెట్టు తప్పితే అందరికంటే ముందు తల తిప్పి చూసేవాడు. ఏటా ఒంటిమిట్ట కల్యాణానికి భజన జట్టుతో వెళ్లి పాడి వచ్చేవాడు. నాలాగే ఒంటరివాడు. ఒక్కతే కూతురు, ప్రొద్దుటూరులో ఉండేది.

అతనింట్లో ఒక వాల్వు రేడియో ఉండేది. వాళ్ల నాయన బళ్లారిలో కొని, రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడట. సరిగ్గా అలాంటిదే నా దగ్గర ఇంకొకటి. కాకపోతే నా దాంట్లో స్పీకరుకు బలమిచ్చే వాల్వు నీరసించిపోయింది. అది అలా అయితే సెట్టు పలుకుతుంది గానీ, జ్వరపడి లేచిన మనిషిలా పలుకుతుంది. ఆ వాల్వు కోసం కర్నూలు తిరిగాను, ఆదోని తిరిగాను, హైదరాబాదు కూడా పోయి వచ్చాను. దొరకలేదు.

ఒక వేసవిలో నాగేశప్ప రేడియో ఆగిపోయింది. నా దగ్గరికి తెచ్చి పెట్టి పోయాడు. చిన్న పని. లోపల ఒక తీగ ఊడింది, అతికించాను. సరిగా పలుకుతోందో లేదో చూద్దామని పెట్టాను. ఏం గొంతు అది! కడప స్టేషను నుంచి ఎవరో వేరుశనగ తెగుళ్ల గురించి చెబుతున్నారు. ఆ మాటలే కచేరీలాగా వినిపించాయి నాకు. ఒక్క సాయంత్రం నా సెట్టులో పెట్టి విందామని అతని వాల్వు తీసి నా దాంట్లో పెట్టాను. ఒక్క సాయంత్రమే అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేను. మర్నాడు అతను వచ్చేసరికి నా నీరసపు వాల్వు అతని రేడియోలో ఉంది. వెనక అట్టకు స్క్రూలు బిగించి ఉన్నాయి. బిగించింది నేనే.

పది రోజుల తర్వాత నన్ను ఇంటికి పిలిచాడు. రేడియో ముందు రెండు కుర్చీలు వేసి ఉన్నాయి.

"ఈడ కూర్చోప్పా. సౌండు మొత్తం పెంచినా. అయినా నాకు సన్నగా ఇనిపిస్తాండాది. నీకెట్లుండాది?"

సన్నగానే ఉంది. ఎవరికైనా సన్నగానే ఉంటుంది. "సెట్టు ఇంకోసారి ఇయ్యి, చూస్తా" అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఇంటికి తెచ్చి, వాల్వు మార్చి ఇచ్చేస్తే ఎవరికీ తెలిసేదీ కాదు.

"నాకు బాగనే ఇనిపిస్తాండాది నాగేశప్పా," అన్నాను.

"గట్టిగానా?"

"శానా గట్టిగా."

అతను రేడియో వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. చూపులో అనుమానం లేదు. ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో.

"అయితే పోతాండేది నా చెవులేనప్పా. అన్నేండ్లు ఆ రంపం కాడ నిలబడితే యాడ మిగుల్తాయిలే."

"వయసప్పా. అందరికీ వచ్చేదే," అన్నాను.

ఎందుకన్నాను? భయమా? దొంగ అంటాడన్న భయం కొంత ఉంది. కానీ అంతకంటే ఎక్కువగా, ఇంటికి పోగానే వినబోయే ఆ గొంతు వదులుకోలేకపోయాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. ఒక మనిషి చెవుల కంటే నాకు ఒక గాజు బుడ్డి ఎక్కువైంది.

ఆ శనివారం అతను భజనకు వెళ్లాడు గానీ పాట ఎత్తుకోలేదట. చెవులు పోతున్నవాడు శ్రుతి తప్పితే తప్పినట్టు కూడా తెలియదు గదా అన్నాడట. తర్వాత వెనక వరసలో కూర్చున్నాడు. ఆ తర్వాత వెళ్లడమే మానేశాడు. తర్వాత వచ్చిన ఒంటిమిట్ట కల్యాణానికి జట్టు అతను లేకుండానే బయలుదేరింది. మనుషులు అతనితో అరిచి మాట్లాడటం మొదలుపెట్టారు. అతనూ గట్టిగా మాట్లాడేవాడు. టీ కొట్టు దగ్గర ఏదైనా అడిగితే, తప్పుగా విన్నానేమోనని జవాబు చెప్పకుండా ఊరికే తల ఊపేవాడు. నాలుగు నెలలకు టీ కొట్టుకూ రావడం లేదు.

ఒకరోజు మధ్యాహ్నం చూద్దామని వెళ్లాను. వాకిలికి వీపు పెట్టి కూర్చుని చింతకాయలు కొట్టి గింజలు తీస్తున్నాడు. గడప దగ్గర ఆగి, నాకే వినపడీ వినపడనంత మెల్లగా "నాగేశప్పా" అన్నాను. వెంటనే తిరిగాడు. "రాప్పా, కూర్చో" అన్నాడు. నన్ను చూసిన సంతోషంలో, తను ఎంత చిన్న గొంతు విన్నాడో అతనికే తట్టలేదు. నాకు తట్టింది. అయినా కూర్చుని, అందరిలాగే గట్టిగా మాట్లాడి వచ్చాను.

ఇంకా ఉంది. ఆ మరుసటి ఏడు కడపలో ఒక ముసలి మెకానిక్కు దగ్గర నాకు అలాంటి వాల్వే దొరికింది. డబ్బా కూడా విప్పలేదు, కొత్తది. బస్సులో దాన్ని గుండెకు ఆనించుకుని తెచ్చాను, తిన్నగా నాగేశప్ప ఇంటికే పోవాలని. ఊళ్లో బస్సు దిగాక నా కాళ్లు మా ఇంటి వైపు నడిచాయి. రేడియో ఒక్కసారిగా గట్టిగా పలికితే అతనికి మొత్తం అర్థమైపోదూ? చెవులు బాగున్నాయని తెలిసిన సంతోషం వెనకే, మరి ఇన్నాళ్లూ ఏమైందన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నకు జవాబుగా నేను అతని ఎదురుగా నిలబడి ఉంటాను. ఆ నిలబడటం నా వల్ల కాలేదు. డబ్బా బీరువాలో పెట్టాను. రేపు, వచ్చే వారం, ఈ పండగ వెళ్లాక అనుకుంటూ ఉండగానే కూతురు వచ్చి అతన్ని ప్రొద్దుటూరు తీసుకెళ్లింది.

రెండేళ్లకు అక్కడే జ్వరంతో పోయాడు. దినాలు అయ్యాక ఆ అమ్మాయి ఆటోలో రేడియో తెచ్చి మా అరుగు మీద దించింది.

"చిన్నాయనా, మా నాయన ఇది నీకే ఇయ్యమన్న్యాడు. ఆయప్పకైతే చెవులు బాగుండాయి, ఇంటాడు అన్న్యాడు," అంది. రేడియో మీది దుమ్ము కొంగుతో తుడుస్తూ, "ఆస్పత్రికి పోదాం రా అంటే వచ్చేటోడు కాదు. మాతో గూడా మాట్లాడ్డం తగ్గించేసినాడు. మనమళ్లు పక్కన ఆడుకుంటాంటే ఊరికే చూస్తా కూర్చునేటోడు," అంది.

నేను ఆ అమ్మాయికి మజ్జిగ ఇచ్చాను. మీ నాయన శానా మంచోడమ్మా అన్నాను. అంతే. ఆటో సందు మలుపు తిరిగేలోపు నోరు తెరిస్తే సరిపోయేది. తెరవలేదు.

ఆమె ఫోన్ నంబరు నా దగ్గర ఉంది. రెండుసార్లు చేశాను. గొంతు వినగానే పిల్లలు ఎట్లా ఉన్నారని అడిగి పెట్టేశాను. వాళ్ల నాయన ఆఖరి రోజులు మౌనంగా గడవడానికి కారణం నేనని చెబితే, ఆమె బరువు పెరుగుతుందా నాది తగ్గుతుందా? ఆమె మంచికే చెప్పడం లేదని నాకు నేను సర్దిచెప్పుకుంటాను. అది కూడా అబద్ధమేనేమో. అబద్ధం చెప్పడం అలవాటైన మనిషికి తన మాటలో ఏది నిజమో తనకే తెలియదు.

మిమ్మల్ని క్షమాపణ అడగను. ఇవ్వాల్సిన మనిషి లేడు, మీరిచ్చినా నాకు చెల్లదు. ఒక్క మాట మాత్రం ఎవరో ఒకరి ముందు తిన్నగా అనాలని ఉంది. బేతంచెర్లలో ఇవాళ ఎవరినడిగినా, పాపం నాగేశప్పకు ముసలితనంలో చెవుడొచ్చిందనే చెబుతారు. రాలేదు. అతనికి అన్నీ వినిపించేవి.