పోలమ్మ ఎడమచేతి నాడి

దయ్యం పట్టిందని ఎవరైనా నా దగ్గరికొస్తే ముందు రక్తపరీక్ష చేయించమనేదాన్ని. పూనకం వచ్చిందంటే పొద్దున్నుంచి ఏమైనా తిన్నదా అని అడిగేదాన్ని. ఒడిశా బరంపురంలో, గోసాని నువాగాం పేటలో మా అత్తగారి ఇంట్లో వెనక గది ఒకటి ఉండేది. చీకటి పడ్డాక అందులోకి ఎవర్నీ వెళ్లనిచ్చేవారు కాదు. నేను పంతానికి మూడు వేసవులు అందులోనే పక్క వేసుకుని పడుకున్నాను. దోమలు కుట్టడం తప్ప ఇంకేమీ జరగలేదు.

ఇప్పుడు రిటైరై అదే ఊళ్లో లంజిపల్లిలో ఉంటున్నాను. నేను చెప్పబోయే దాంట్లో శ్మశానం, అర్ధరాత్రి లాంటివి ఉండవు. పట్టపగలు, ఇరవై మందికి పైగా పిల్లల ముందు జరిగింది. కళ్లారా చూశాననడానికి కూడా లేదు. వేళ్లతో చూశాను.

అప్పుడు నేను బరంపురంలో ఒక కాలేజీలో మొదటి సంవత్సరం వాళ్లకి జీవశాస్త్రం చెప్పేదాన్ని. క్లాసులో సగం మంది ఒడియా పిల్లలు, సగం మంది తెలుగు పిల్లలు. పాఠం ఇంగ్లీషులో, వివరణ ఒడియాలో, తిట్లు తెలుగులో. నాకు నోరెక్కువ. పిల్లలు చాటున నాకేం పేరు పెట్టారో తెలుసు, అదిక్కడ రాయను.

నాకు ఒళ్లు మండే విషయం ఒకటుంది. ప్రయోగం చేయకుండా అంకెలు రాసేయడం. పక్కవాడి రికార్డు చూసి, రెండు అంకెలు అటూ ఇటూ మార్చి, మొహం అమాయకంగా పెట్టుకుని సంతకానికి వచ్చేవాళ్లు. అలాంటి పేజీ దొరికితే ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేసి అందరికీ చదివి వినిపించేదాన్ని. నా దగ్గర అబద్ధం నడవదని పిల్లలకి తెలియాలని నా పట్టుదల.

ఆ ఏడాది క్లాసులో పోలమ్మ అనే అమ్మాయి ఉండేది. గోపాల్‌పూర్ జాలరి పేట నుంచి రోజూ బస్సులో వచ్చేది. ఎప్పుడో తాతల కాలంలో అక్కడికి వచ్చి ఉండిపోయిన తెలుగువాళ్లు. ఆ పేట నుంచి కాలేజీ మెట్లెక్కిన మొదటి ఆడపిల్ల ఆమే. బట్టలకి చేపల వాసన వస్తుందని పక్కన కూర్చునేవాళ్లు తక్కువ. నేనది చూసీ చూడనట్టు ఊరుకున్నాను. ఆ సంగతి ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

చేపలు బాగా పడ్డ రోజుల్లో తల్లికి సాయంగా ఇంట్లో ఉండిపోయేది. దాంతో ప్రాక్టికల్స్‌కి హాజరు బాగా తగ్గింది. ఇంకొక్క ప్రాక్టికల్ పోతే పరీక్షకి కూర్చోనివ్వరు. పరీక్ష పోతే ఇంట్లో చదువు మాన్పించేస్తారని ఆమే ఒకసారి నా దగ్గర కన్నీళ్లు పెట్టుకుంది.

నాడి లెక్కపెట్టడం మొదటి సంవత్సరంలో చాలా తేలికైన ప్రాక్టికల్. గడియారం ఉంటే చాలు. మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టాలి, బొటనవేలు పెట్టకూడదు. బొటనవేలికి సొంత నాడి ఉంటుంది, దాంతో చూస్తే మీది మీరే లెక్కపెట్టుకుంటారని ప్రతి ఏడాదీ చెప్పేదాన్ని. నాడి ఆపేస్తామని జనాన్ని మోసం చేసేవాళ్ల గుట్టు కూడా చెప్పేదాన్ని. చంకలో నిమ్మకాయ పెట్టుకుని గట్టిగా నొక్కితే మణికట్టు దగ్గర నాడి అందదు. పిల్లలు పుస్తకాలు చంకలో పెట్టుకుని ప్రయత్నించి నవ్వుకునేవాళ్లు.

ప్రాక్టికల్‌కి ముందు వారం, ఇంట్లో పెద్దవాళ్ల నాడి వారం రోజులు చూసి రాసుకు రమ్మన్నాను. చాలామంది ఒకే రాత్రి కూర్చుని ఏడు రోజులవీ రాసేశారు. పోలమ్మ మాత్రం నిజంగా చూసింది. రోజూ తండ్రి వేట నుంచి వచ్చి అన్నం తిన్నాక చూసిందట. అంకెల కింద చిన్న అక్షరాలతో, నాలుగు కొట్టి ఒకటి ఆగుతోందని రాసింది. కొందరికి గుండె అలా ఒక దెబ్బ తప్పుతుంది. అది కనిపెట్టినందుకు క్లాసులో మెచ్చుకున్నాను. తండ్రిని ఒకసారి పెద్దాసుపత్రికి తీసుకెళ్లమని కూడా చెప్పాను.

ప్రాక్టికల్ రోజు పదింటికి మొదలుపెట్టాం. ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుని, పది నిమిషాలకోసారి ఒకరి నాడి ఒకరు చూడాలి. తర్వాత మెట్లెక్కి దిగి మళ్లీ చూడాలి. పోలమ్మ జంట అమ్మాయి ఆ రోజు రాలేదు. నీది నువ్వే చూసుకోమన్నాను. ఆమె కిటికీ దగ్గర కూర్చుని, కుడిచేతి వేళ్లు ఎడమ మణికట్టు మీద పెట్టుకుంది.

పావు తక్కువ పదకొండుకి లేచి నా బల్ల దగ్గరికి వచ్చింది. అప్పుడు కూడా ఎడమ మణికట్టు వదల్లేదు.

"మేడం, నానింటికెల్తాను."

ఏమైందని అడిగాను. తెలీదంది. వెళ్లాలి, అంతే. బస్సు పది యాభైకి కాలేజీ ముందే ఆగుతుంది, దానికెళ్తానంది. వెళ్తే హాజరు వేయను, ఆ తర్వాత నన్నేమీ అనుకోవద్దు అన్నాను. వెనక్కి వెళ్లి కూర్చుంది. కిటికీలోంచి బస్సు రావడం, ఆగడం, వెళ్లిపోవడం నేనూ చూశాను.

పదకొండింటికి బల్లల మధ్య తిరుగుతూ ఆమె రికార్డు చూశాను. పది పదికి డెబ్బై ఆరు. ఆ తర్వాత డెబ్బై. తర్వాత అరవై రెండు. పది నలభైకి యాభై. కదలకుండా కూర్చున్న పద్దెనిమిదేళ్ల పిల్లకి నాడి అలా దిగజారదు. నాకు కోపం నసాళానికెక్కింది. ఇంటికెళ్లాలని దొంగలెక్కలు రాస్తున్నావా అన్నాను.

"లేదు మేడం. ఇది నాది కాదు. నాది ఈ సేతిలో ఉంది" అని కుడిచెయ్యి చాపింది.

"మరి అదెవరిది?"

"మా అయ్యదిలాగుంది. నాలుక్కొట్టి ఒకటి ఆగతంది."

క్లాసు గొల్లుమంది. ఈ నాటకం ఇక్కడే తేల్చేద్దామని ఆమె పక్కన కూర్చున్నాను. ముందు కుడిచెయ్యి చూశాను. ఎనభై నాలుగు, నిక్షేపంలా ఉంది. ఎడమచెయ్యి తీసుకుని నిమిషం పూర్తిగా లెక్కపెట్టాను. నలభై నాలుగు. నాలుగు కొట్టి ఒకటి ఆగింది. మళ్లీ నాలుగు కొట్టి ఒకటి ఆగింది.

ఒకే మనిషికి ఒకే గుండె. రెండు చేతుల్లో బలం తేడా రావచ్చు గానీ లెక్కలో ఇంత తేడా రాదు. ఆ మాట నేనే ప్రతి ఏడాదీ బోర్డు మీద రాసేదాన్ని. వెంటనే నిమ్మకాయ గుర్తొచ్చింది. లేచి నిలబడమన్నాను. చెయ్యెత్తించి, అందరూ చూస్తుండగా చంక కింద తడిమాను. ఏమీ లేదు. పిల్ల సిగ్గుతో తల దించుకుంది.

మా ల్యాబ్ అటెండరు పాణిగ్రాహి గారు నాకంటే పెద్దాయన. ఎప్పుడూ దేంట్లోనూ జోక్యం చేసుకోని మనిషి. ఆయన నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా, "మాడం, ఝిఅటాకు ఛాడి దిఅంతు" అన్నాడు. పిల్లని పంపేయండి అని. మిగతా పిల్లల ముందు ఓడిపోయినట్టు అవుతుందనిపించింది నాకు. రీడింగులు పూర్తిచేసి అందరితోపాటే వెళ్తుంది అన్నాను.

ఆమె కూర్చుంది. ఏడుస్తూ మణికట్టు పట్టుకునే ఉంది. పదకొండూ ముప్పై అయిదుకి మిగతావాళ్లు మెట్లెక్కడానికి లేచారు. ఆమె లేవలేదు. వెళ్లమని గద్దించాను.

"ఒదిలేస్తే పోతాదేమోనని బయమేస్తంది మేడం" అంది.

ఇక నేను ఆగలేదు. ఆమె కుడిచేతిని పట్టుకుని, మణికట్టు మీద నుంచి లాగేశాను. వేళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి. ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది. రికార్డు పేజీ మీద ఎర్రసిరాతో అడ్డంగా గీత కొట్టి, పద మెట్ల దగ్గరికి అన్నాను.

వెళ్లింది. అయిదు నిమిషాలకి తిరిగొచ్చి ఏడుపు లేని మొహంతో నా ముందు ఎడమచెయ్యి చాపింది. చూశాను. నాడి లేదు. వేళ్లు జరిపి చూశాను, నొక్కి చూశాను, వదులుగా పెట్టి చూశాను. చెయ్యి వెచ్చగా ఉంది, గోళ్లు ఎర్రగా ఉన్నాయి, నాడి మాత్రం లేదు. కుడిచేతిలో నూటపది కొడుతోంది. నేనే పొరబడుతున్నానేమోనని, క్లాసులో అందరికంటే శ్రద్ధగా చూసే ఒడియా కుర్రాణ్ని పిలిచి చూడమన్నాను. వాడూ వెతికి, దొరకడం లేదన్నాడు.

అప్పుడు పంపించాను. బస్టాండుకి వెళ్లడానికి పాణిగ్రాహి గారు రిక్షా పిలుచుకొచ్చేలోపు మళ్లీ ఒకసారి ఎడమచెయ్యి చూశాను. నాడి వచ్చింది. కుడిచేతిలో ఎంత ఉందో అంతే, తప్పకుండా, ఆగకుండా. అది పోలమ్మదే.

మధ్యాహ్నం ఒంటిగంటకి గోపాల్‌పూర్ నుంచి ఒకతను కాలేజీ వెతుక్కుంటూ వచ్చాడు. ఊరు తెలియక, వేరే కాలేజీలన్నీ తిరిగొచ్చాడట. పొద్దున పోలమ్మ తండ్రి ఒడ్డుకొస్తుంటే కెరటం పడవని ఎత్తి పడేసిందనీ, పడవ అంచు గుండెల మీద తగిలిందనీ చెప్పాడు. అంతకుముందు కాలేజీకి ఏ కబురూ రాలేదు. ఇది నేను అప్పుడే ఆఫీసులోనూ, గేటు దగ్గరా విడివిడిగా అడిగి తెలుసుకున్నాను. పోలమ్మ ఇల్లు చేరేసరికి తండ్రి లేడు.

పది యాభై బస్సు పదకొండున్నరకల్లా గోపాల్‌పూర్‌లో ఉంటుంది. నేను ఆ లెక్క ఆ రాత్రి ఎన్నిసార్లు వేసుకున్నానో నాకే తెలియదు.

తర్వాత తెలిసిన డాక్టరు ఒకాయన చేత పోలమ్మని పరీక్ష చేయించాను. రెండు చేతులూ బాగున్నాయి, గుండె బాగుంది. రక్తనాళం ఇరుకైతే నాడి బలం తగ్గవచ్చు గానీ, రెండు చేతుల్లో రెండు లెక్కలు రావన్నాడు. నేను కంగారులో తప్పు లెక్కపెట్టి ఉంటానన్నాడు. ఆయన చోట నేనున్నా అదే అనేదాన్ని. కానీ లెక్కపెట్టేటప్పుడు నాకు కంగారు లేదు, కోపం ఉంది. కోపంలో నేను లెక్క తప్పను.

కర్మలు అయ్యాక పరామర్శకి వెళ్లాను. ఇసకలో తాటాకుల ఇల్లు. పోలమ్మ తల్లి చాప వేసి కూర్చోబెట్టింది. అంత దూరం వచ్చినందుకు నాకే సిగ్గేసేలా మర్యాద చేసింది. పోలమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది. నేను అడక్కుండానే తల్లి చెప్పడం మొదలుపెట్టింది.

"ఆసుపత్రికి తీసుకెల్దామంటే బండి దొరకనేదు మేస్టరమ్మా. వల కప్పుకొని ఇసకలోనే తొంగున్నాడు. నాను కాళ్లకాడ కూకున్నాను. దగ్గర ఇంకెవులూ నేరు. 'ఎవులో నా సెయ్యట్టుకున్నారే, ఒదలొద్దని సెప్పు' అన్నాడు. ఎవులూ నేరయ్యా అన్నాను. 'ఉన్నారు, ఆళ్లు ఒగ్గీకుండా ఉంటే నానుంతాను' అన్నాడు. మా గుంట పోలమ్మ పదకొండున్నర బస్సుకొస్తాదేమోనని రోడ్డుకేసి సూసినాం. బస్సొచ్చి ఎల్లిపోనాది. ఇంకాసేపటికి, 'ఒదిలేసినారే' అన్నాడు. అంతే తల్లీ."

ఏ చెయ్యి అని నేను అడగలేదు.

"ఎవులట్టుకున్నారో గానీ" అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ, "అంతసేపు నా మడిసిని ఒంటరిగా ఒగ్గీనేదు. ఆళ్లు సల్లగుండాల."

పోలమ్మ నావైపు చూసింది. తల్లికి ఏమీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. టీ ఇస్తే తాగి, బస్సెక్కి వచ్చేశాను.

ఆ ప్రాక్టికల్‌కి ఆమెకి హాజరు వేశాను. పరీక్ష రాసి పాసయింది, ఆ పైన నర్సు చదువు చదివింది. ఎప్పుడైనా బజార్లో కనిపిస్తే నమస్కారం పెడుతుంది, యోగక్షేమాలు అడుగుతుంది. ఆ రోజు సంగతి తను ఎత్తలేదు, నాకు ధైర్యం చాల్లేదు.

జరిగిందేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ మనిషి ప్రాణం ఒక పిల్ల వేళ్ల కింద ఉందని నమ్మడానికి నా చదువు ఒప్పుకోదు. ఒప్పుకోకపోతే, ఆయన చివరి మాట ఏమిటో నాకు అర్థం కాదు. తర్వాత ఇరవై ఏళ్లు అదే ప్రాక్టికల్ చేయించాను. ఏ పిల్లయినా మణికట్టు పట్టుకుని కూర్చుని ఉంటే, గంట కొట్టినా సరే, తనంతట తను వదిలేదాకా దూరంగా నిలబడేదాన్ని.