సీటు మీద కూసోనియ్యని గడ్డ

మనూర్ రూట్ల షేర్ ఆటో నడిపేటోనికి తన సీటు పూరా తనది కాదు. అటొకరు, ఇటొకరు ఎక్కితే మధ్యల ఒక్క పిర్రకు చాలినంత జాగ దక్కుతది. నా గడ్డ సరిగ్గ ఆ పిర్ర మీదనే లేచింది. రెండోది ఖాళీగనే ఉండె గని, దానికి గిరాకీ లేదు.

మెడికల్ షాపుల ఒక పట్టీ గోలీలు తెచ్చి రెండు మింగిన. నొప్పి జర తగ్గంగనే మిగిలినయి ఆటోల పడేసి, సైకిల్ ట్యూబుల గాలి కొట్టి కింద ఏసుకొని బండి తీసిన. పక్కన కూసున్న మనూర్ అవ్వ చూసి, "ఏం బిడ్డా, గుడ్లు పొదుగుతున్నవా?" అన్నది. ఆటో అంతా నవ్వింది. నేను గూడ నవ్విన. గుంతల పడ్డంక నా నవ్వు ఆగింది, వాళ్లది ఆగలే.

ఇగ జరమొచ్చింది. ఎరుపు తొడ మీదికి దిగింది. నా పెండ్లాం చూసి నవ్వలే. నన్ను చూసి నవ్వకపోవుడు ఆమెకు అలవాటు లేదు. గప్పుడు భయమైంది.

ఖేడ్ దవాఖానల డాక్టరమ్మ, "కోసి చీము తియ్యాలె," అన్నది.

"ఇంకో గోలీ రాయిండ్రి మేడం. ఎంత పెద్దగున్నా మింగుత."

"గోలీ ఒక్కటే ఏం చేస్తది? అది క్రిములను దెబ్బ కొడ్తది. దెబ్బతిన్నదాన్ని పట్టి మింగేది నీ రక్తంల తెల్లకణాలే. వాటి కడుపుల సన్నటి మందు సంచులుంటయి. క్రిమి తోలుకు తూట్లు పొడిచే మందు. నీ ఒళ్లే తయారు చేస్తది."

"నా ఒంట్లనే కార్ఖాన ఉంటే గింత జరమెందుకొచ్చె?"

"నువ్వు గోలీలు సగంల ఇడిసిపెడితివి. క్రిములు మళ్లీ లేచినయి. ఇప్పుడు గడ్డ తన చుట్టు గోడ కట్టుకున్నది, మందు లోపలికి సరిగ్గ పోదు."

నేను ఏడోదాంట్లనే బడి ఇడిసిన. ఈ పాఠం ఎనిమిదోదాంట్ల ఉంటదని తెలిస్తే ఇంకో ఏడాది కూసుందును. అప్పుడు కూసునే తాకత్ గూడ ఉండె.

కోసింది. నా మొత్తుకోలు సిర్గాపూర్ దాకా వినొచ్చిందని మా ఆడామె ఇప్పటికీ చెప్తది. గుడ్డ మీది చీము చూసి, "థూ, ఇవన్నీ క్రిములేనా?" అన్న.

"అండ్ల మస్తుగ నీ తెల్లకణాలే. కొట్లాడి సచ్చినయి."

థూ అన్నందుకు సిగ్గైంది.

డాక్టరమ్మ ఎరుపు అంచు పొంటి పెన్నుతోని గీత గీసింది. "గోలీలు పూరా మింగాలె. ఎరుపు ఈ గీత దాటిందా, ఆగకుండ సంగారెడ్డికి తోల్కపో," అని నా పెండ్లానికి చెప్పింది.

తెల్లారంగనే ఆమె నన్ను బోర్ల పండబెట్టి, కిటికీ తెరిచి, వంగి చూసింది. గీత పొంటి ఏలు పెట్టి కొలిసింది.

"ఏందే, దాటిందా?"

"మెదలకు."

"జల్దీ చెప్పరాదే!"

"దాటలే. ఏలెడు ఎనకకు పోయింది." ఆమె కొంగుతోని కండ్లొత్తుకున్నది. "లేవకు. గోలీ, నీళ్లు ఇక్కడికే తెస్త."

పెండ్లైనప్పటి సంది నా పడక కాడికి నీళ్లొచ్చుడు గదే మొదలు. దాని మీద ఒక మాట నోటిదాక వచ్చింది. ఆమె మొఖం చూసి, గోలీతోని కలిపి దాన్ని గూడ మింగిన.