ఆగిన కంప్యూటర్ నుంచి పదమూడు రౌండ్లు

దెయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నేను గడియారం చూసే రకం. పదేళ్ల కింద పేట్ బషీరాబాద్‌లో అద్దెకున్నప్పుడు, గోడ లోపలి నుంచి ఎవరో మూలుగుతున్నారని నా భార్య, మా అత్తమ్మ హడలిపోయారు. నేను తొమ్మిది రోజులు ఆ శబ్దం వచ్చిన సమయాలన్నీ కాగితం మీద రాసుకున్నాను. పక్క అపార్ట్‌మెంట్‌లో నీళ్ల మోటారు వేసే సమయాలతో అవి నిమిషం తేడా లేకుండా సరిపోయాయి. మా ఇంట్లో మళ్లీ ఆ ప్రస్తావన రాలేదు.

అలాంటి నాకు ఈ సంగతి రాయడం ఇష్టమైన పని కాదు. కానీ ఆ మధ్యాహ్నం ఒక మనిషి ప్రాణం పోవాల్సింది. పోయుంటే అందులో నా తప్పు కూడా ఉండేది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నా చదువు ఇంటర్‌తో ఆగిపోయింది. కంప్యూటర్ నాకెవరూ నేర్పలేదు. పాత పుస్తకాలు చూసి, తప్పులు చేసి నేర్చుకున్నాను. సుచిత్ర దగ్గర ఒక కోళ్ల కంపెనీ ఆఫీసులో పని చేస్తాను. కంపెనీ హేచరీ శామీర్‌పేట అవతల ఉంది. అక్కడ నాలుగు గదుల్లో పెద్ద యంత్రాలుంటాయి. వాటిలో గుడ్లు పెడితే ఇరవై ఒక్క రోజులకు పిల్లలవుతాయి. వేడి కొంచెం పెరిగినా, తేమ కొంచెం తగ్గినా వేల గుడ్లు పాడవుతాయి. అందుకే డ్యూటీలో ఉన్నవాళ్లు అరగంటకొకసారి నాలుగు గదులూ తిరిగి చూడాలి.

తిరిగారా లేదా అని ఆఫీసుకు తెలియడానికి నేనే ఒక పద్ధతి పెట్టాను. రౌండ్ అయ్యాక ముందు గదిలోని కంప్యూటర్ దగ్గరికి వచ్చి ఒక మీట నొక్కాలి. నొక్కగానే వాళ్ల పేరు, సమయంతో ఒక ఫైలు తయారవుతుంది. ఖాళీ ఫైలు, లోపల ఏమీ ఉండదు, సైజు సున్నా. హేచరీ కంప్యూటర్‌నీ ఆఫీసు కంప్యూటర్‌నీ ఇంటర్నెట్ మీదుగా కలిపారు. నేను నా టేబుల్ దగ్గర నల్ల తెర తెరిచి, మూడక్షరాల కమాండ్, దాని పక్కన ఆ కంప్యూటర్ చిరునామా కొడితే అక్కడి ఫైళ్ల జాబితా ఇక్కడ కనిపిస్తుంది. చివరి వరుసలో మొత్తం ఎన్నో ఉంటుంది. గంటకొకసారి చూసుకునేవాణ్ణి.

ఆఫీసులో రైతుల ఫోన్లు ఎత్తే విజయ నన్ను ఎప్పుడూ ఆటపట్టించేది. "ఏందన్నా, మళ్ల గా నల్ల తెర ముందర కూసున్నవా? వదినె మొకం గూడ గంతసేపు సూడవేమో."

పగటి డ్యూటీ సుజాతది. ముప్పై ఐదేళ్లుంటాయి. మేడ్చల్ నుంచి బస్సులో వచ్చేది. ఆదివారం చర్చి కోసం సెలవు తీసుకునేది, మిగతా ఆరు రోజులూ మానేది కాదు. భర్త లేడు. ఇద్దరు ఆడపిల్లల చదువు ఆమె జీతం మీదే నడిచేది.

ఆ మధ్యాహ్నానికి ముందు వారం ఆమె ఫైళ్లలో నాకొక తేడా కనిపించింది. పదకొండున్నర రౌండ్ పదకొండు యాభై ఎనిమిదికి ఉంది. పన్నెండు గంటల రౌండ్ పదకొండు యాభై తొమ్మిదికి ఉంది. నాలుగు గదులు తిరగడానికి పదకొండు నిమిషాలు పడుతుందని నేను స్వయంగా నడిచి చూశాను. అంటే ఒక రౌండ్ తిరగకుండానే మీట నొక్కింది. యజమానికి చెప్పాను. ఆయన సుజాతకు ఫోన్ చేసి, ఇంకొక్కసారి ఇలా జరిగితే పని మానేయమన్నాడు.

సాయంత్రం సుజాత నాకు ఫోన్ చేసింది. "సార్, రెండో రూములో నీళ్ల పైపు పగిలింది. బకెట్లతోని మోసి పోసిన. తేమ నిలవెట్టాల్నా, ఉరికొచ్చి మీట నొక్కాల్నా? ఆడ కుర్సీల కూసొని లెక్కవెడ్తె గివన్నీ కనవడ్తయా?"

ఆ మాట అప్పుడే చెప్పాల్సింది కదమ్మా అన్నాను.

"సెప్పేటందుకు గూడ ఒక మీట పెట్టున్రి సార్," అని ఫోన్ పెట్టేసింది.

తర్వాత ఐదు రోజులు ఆమె రౌండ్ ఒక్కటి కూడా రెండు నిమిషాలకు మించి ఆలస్యం కాలేదు. నా పద్ధతి పని చేస్తోందని సంతోషించాను. అది నిజం, దాచను.

ఆరో రోజు మధ్యాహ్నం ఒంటిగంట ఐదుకు జాబితా చూశాను. ఉదయం ఎనిమిది నుంచి ఒంటిగంట వరకు పదకొండు ఫైళ్లు. సరిపోయింది. అన్నం తిని వచ్చి రెండు గంటల ఐదు నిమిషాలకు మళ్లీ చూశాను. ఒంటిగంటన్నరది, రెండు గంటలది కలిపి పదమూడు ఉండాలి. పదిహేడున్నాయి.

పైనుంచి చూసుకుంటూ వచ్చాను. ఒంటిగంటన్నర వరకు పన్నెండూ సరిగ్గా ఉన్నాయి. రెండు గంటల రౌండ్ లేదు. దాని బదులు రెండు గంటల ఒక నిమిషానికి ఒకటి, రెండో నిమిషానికి ఒకటి, మూడు, నాలుగు, ఐదు. అన్నీ సుజాత పేరు మీదే, అన్నీ సైజు సున్నా.

నాకు కోపం వచ్చింది. యజమాని బెదిరించాడని కంప్యూటర్ ముందే కూర్చుని కావాలని మీట నొక్కుతోందనుకున్నాను. రెండు ఏడుకు మళ్లీ కమాండ్ కొట్టాను. పంతొమ్మిది. తిట్టడానికే ఆమెకు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను, ఎత్తలేదు.

రెండు తొమ్మిదికి ఇరవై ఒకటి. విజయను పిలిచి చూపించాను.

"ఏందన్నా ఇది, నిమిషానికొకటి వస్తాంది?"

"సూడు, ఎంత పొగరో," అన్నాను. యజమానికి పంపడానికి ఆ తెరను నా ఫోన్‌లో ఫోటో తీశాను. ఆ ఫోటో తీసింది ఆమె ఉద్యోగం పోవాలనే.

పంపే ముందు గేటు దగ్గరుండే ఖాజా మియాకు ఫోన్ చేశాను. ఆయనకు అరవై దాటాయి. ఆ రోజు గుడ్ల నుంచి కోడిపిల్లలను తీసే రోజు కాదు కాబట్టి హేచరీలో వాళ్లిద్దరే ఉన్నారు.

"ఖాజా భాయ్, సుజాత ఏడుంది? ఫోన్ ఎత్తుతలేదు."

"లోపలనే ఉండె సార్. కరెంటు పోయింది గదా, జనరేటర్ పెట్టనీకి పోయింది."

"కరెంటు పోయిందా? ఎప్పుడు?"

"అర్ధగంట దాటింది సార్. లైన్ల పని జేస్తున్నరంట."

నా ఎదుట తెర మీద జాబితా ఉంది. ఎడమ చేత్తో ఫోన్ పట్టుకుని, కుడి చేత్తో కమాండ్ మళ్లీ కొట్టాను. ఇరవై రెండు. చివరిది రెండు గంటల పది నిమిషాలది.

"మరి ముందు రూములో కంప్యూటర్ నడుస్తాంది కదా?"

"ఏడ నడుస్తాంది సార్? కిటికీలకెళ్లి కనవడ్తనే ఉంది. అంత బంద్. ఫ్యాను బంద్, లైటు బంద్."

ఇక్కడొక విషయం చెప్పాలి. హేచరీలో యంత్రాలకు మాత్రమే జనరేటర్ లైను ఉంది. ముందు గదిలోని కంప్యూటర్‌కు, ఇంటర్నెట్ పెట్టెకు లేదు. వాటికని పెట్టిన బ్యాటరీని అంతకు రెండు రోజుల ముందే రిపేరుకు పంపాం. పంపిన చీటీ మీద సంతకం నాదే.

"జనరేటర్ రూముకు ఉరుకు ఖాజా భాయ్. జల్దీ. ఫోన్ పెట్టకు," అని అరిచాను. ఆఫీసులో అందరూ తిరిగి చూశారు.

"సప్పుడొస్తాంది గదా సార్, అంత మంచిగనే..."

"ఉరుకు!"

ఆయన రొప్పడం వినిపించింది. తర్వాత జనరేటర్ మోత దగ్గరైంది. రేకు తలుపును కొడుతున్న చప్పుడు. "అమ్మా సుజాతా! బేటీ!" అన్న కేక. విజయ నా కుర్చీ వెనుక నిలబడి భుజం గట్టిగా పట్టుకుంది. చెయ్యి ఊరికే ఉండలేక నేను కమాండ్ కొడుతూనే ఉన్నాను. రెండు పదమూడు అయింది. ఇరవై ఐదు.

"దొరికింది సార్! కిందవడ్డది. అంత పొగ..." ఆయనకు దగ్గు ఆగలేదు. ఏదో నేల మీద ఈడ్చిన శబ్దం. ఆ తర్వాత, "బయటికి గుంజిన. ఊపిరుంది సార్, ఊపిరుంది."

నేను కమాండ్ మళ్లీ కొట్టాను. ఈసారి జాబితా రాలేదు. ఆ చిరునామాలో కంప్యూటర్ దొరకడం లేదని ఒకే ఒక్క వరుస వచ్చింది. మొదటి నుంచీ రావాల్సిన జవాబు అదే.

జరిగిందేమిటంటే, జనరేటర్ పొగ గొట్టం అతుకు ఊడి పొగ గదిలోకే వస్తోంది. సుజాత ముందే మెకానిక్‌కు ఫోన్ చేసింది. లోపలికి పోవద్దు, అరగంటలో వస్తానన్నాడు. అరగంట ఆగితే యంత్రాలు చల్లబడి గుడ్లు పాడవుతాయి, రౌండ్ తప్పుతుంది, మళ్లీ తన పేరే వస్తుంది. అందుకని వెళ్లింది. జనరేటర్ నడిపించి, ఊడిన అతుకును తీగతో కడుతుండగా కళ్లు తిరిగి పడిపోయింది. గాలికి తలుపు మూసుకుంది. ఇంకాసేపు అలాగే ఉంటే ఏమీ చేయలేకపోయేవాళ్లమని ఆసుపత్రిలో డాక్టర్ అన్నాడు.

కరెంటు మూడు ఇరవైకి వచ్చింది. హేచరీ కంప్యూటర్ లేచాక జాబితా చూశాను. పన్నెండు ఫైళ్లు. చివరిది ఒంటిగంటన్నరది. మిగతా పదమూడు లేవు. చెరిపేసిన గుర్తులు కూడా లేవు. ఆ సేపంతా ముందు గదికి తాళం వేసే ఉంది, తాళంచెవి సుజాత కొంగుకు కట్టి ఉంది.

నెట్‌వర్క్ పని చేసే ఆయనను పిలిపించాను. మీ కంప్యూటర్ పాత జాబితాను గుర్తుపెట్టుకుని చూపించి ఉంటుందన్నాడు. పాతది చూపిస్తే పన్నెండే చూపించాలి కదా, నిమిషానికొకటి ఎలా పెరిగిందని అడిగాను. ఫోటో చూపించాను. వేళ్లతో పెద్దది చేసి ఒక్కో వరుసా చూశాడు. ఫోటో తనకు పంపమన్నాడు. ఆ తర్వాత ఆయన నుంచి ఫోన్ రాలేదు.

నాలుగో రోజు మేడ్చల్‌లో ఆసుపత్రికి వెళ్లాను. సుజాత మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుంది. పెద్ద కూతురు పక్కన బత్తాయి వలుస్తోంది. నన్ను చూసి, "రాండ్రి సార్. గ్లూకోజు సుక్కలు లెక్కవెట్టనీకొచ్చిర్రా?" అంది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. కూతురు నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఏమైనా గుర్తుందా అని అడిగాను.

"తలుపు దాంక పాకాల్నని సూసిన సార్. కాళ్లు రాలే. పిల్లలు యాదికొస్తరంటరు గదా, గట్లేం గాలే. రెండు గంటల రౌండు తప్పింది, సారు సూస్తడు, సారు సూస్తడు, గదే తిరిగింది మనసుల."

తప్పు నాదేనమ్మా అన్నాను. ఆమె కూతురి చేతిలోంచి రెండు తొనలు తీసి నాకిచ్చింది. ఫైళ్ల సంగతి ఆమెకు ఇప్పటికీ చెప్పలేదు.

ఆ మీట తీసేశాం. సుజాత నెల తర్వాత పనిలో చేరింది. ఇప్పుడు రౌండ్ల గురించి ఏదైనా అనుమానం వస్తే ముందు ఫోన్ చేసి అడుగుతాను.

కానీ ఆదివారం హేచరీకి వెళ్లే పని పడినప్పుడల్లా ఆ కంప్యూటర్‌ను నా చేత్తో ఆపి, తీగ ఊడదీసి వస్తున్నాను. ఆఫీసుకు తిరిగి వచ్చి అదే కమాండ్ కొడతాను. ఎక్కడైనా పొరపాటు దొరుకుతుందేమోనని ఇప్పటికి నలభై మూడు సార్లు చేశాను. నలభై మూడు సార్లూ కంప్యూటర్ దొరకడం లేదనే వచ్చింది. నాకు కారణం తెలియలేదు. ఎంటర్ నొక్కాక ఆ వరుస రావడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది. అది కనిపించేదాకా నా చెయ్యి ఫోన్ మీదే ఉంటుంది.