అటకెక్కిన ల్యాప్‌టాప్

డిగ్రీ చేతికొచ్చిన ఆ రోజుల్లో, అరకు లోయ మొత్తానికి నా అంత తెలివైన గుంట మరొకతె లేదని నాకు గట్టి నమ్మకం. (ఇంట్లో ఆ నమ్మకం ఇంకెవరికీ లేదు.) కాఫీ గింజలు కొనే ఒక సంస్థలో ఆఫీసు ఉద్యోగానికి పిలుపొచ్చింది. సోమవారం వీడియోలో ఇంటర్వ్యూ, వెంటనే టైపింగ్ పరీక్ష. ఫోన్‌లో కుదరదు, సొంత ల్యాప్‌టాప్ ఉండాలన్నారు. ఆ ఉద్యోగం రాకపోతే విశాఖలో ఏ బట్టల షాపులోనో నిలబడాలి. నాకేమో మా కొండ దిగడం బొత్తిగా ఇష్టం లేదు. అమ్మ మిరియాలు అమ్మిన డబ్బు నా చేతిలో పెట్టి, తోడుగా తన తమ్ముణ్ణి పంపింది. ఆ మావ సంతలో ఎడ్లను ఎంచడంలో పేరున్నవాడు. ల్యాప్‌టాప్‌ను దగ్గరగా చూడటం మాత్రం అదే మొదలు.

విశాఖ షాపులో మావ ఒక్కొక్కదాన్నీ ఎత్తి బరువు చూశాడు, అడుగున చెయ్యి పెట్టి వేడి చూశాడు. "బాబూ, కరెంటు నేకపోతే ఇదెంతసేపు నడుత్తాది?" అని అడిగాడు. సేల్స్ కుర్రాడు ఆరు గంటలన్నాడు. "అయితే తీగ పీకీ, సూద్దుం" అంటూ మావ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఎవరో వాడి అమ్మేసిన పాతది ఒకటి చవగ్గా ఉంటే, "పని సేసి అలవాటున్నది, ఇదే అట్టుకుపోదుం" అన్నాడు. నాకు కొత్తదే కావాలి, కొత్తవేమో మా డబ్బుకు అందడం లేదు. చివరికి కుర్రాడు షాపులో చూపించడానికి బల్ల మీద పెట్టిన దాన్ని తీశాడు. ఏడాదిగా అందరూ నొక్కి చూసిందే కాబట్టి ధర తగ్గిస్తామని, అట్టపెట్టె కూడా ఇస్తామని చెప్పాడు. పెట్టె మాట వినగానే నా మనసు దాని మీద పడిపోయింది.

ఊళ్లో బస్సు దిగిన దగ్గర్నుంచి ఎదురైన వాళ్లందరికీ పెట్టె చూపించి, "సరికొత్తది" అని చెప్పుకుంటూ ఇల్లు చేరాను. అదే కొంప ముంచింది. మా వైపు మామిడికాయైనా, చిక్కుడైనా, సామలైనా కొత్త పంటను ముందు ఊరి దేవతకు పెట్టి, కొత్తల పండగ చేసుకున్నాకే నోట పెడతాం. మా అమ్మమ్మ లెక్కలో ఆ ఏడు ఇంటికొచ్చిన కొత్త పంట నా ల్యాప్‌టాప్. పెట్టెను తీసుకెళ్లి అటక మీద, విత్తనాల బుట్ట పక్కన పెట్టేసింది.

"అమ్మమ్మా, అది తినేది కాదు!"

"దాంతోటే కదేటే నువ్వు బువ్వ తినాల? పున్నమెల్లినాక కోణ్ని కోసి దేవతకి పెడదుం. అందాకా ముట్టకు."

సోమవారం ఎల్లుండే. ఏడ్చాను, అలిగాను, అన్నం మానేశాను (సాయంత్రం దాకా). అమ్మమ్మ కదల్లేదు. అప్పుడు మావ, అరుగు మీద కూర్చునే, "అది కొత్తది కాదే అమ్మా. పట్నం జనమంతా ఏడాదిబట్టీ ఏళ్లెట్టి నొక్కినదే" అన్నాడు. వాకిట్లో అప్పటికే సగం ఊరుంది.

"నిజిమేనేటే గుంటా?" అంది అమ్మమ్మ.

పరువు ఒక పక్క, ఉద్యోగం ఒక పక్క. కళ్లు మూసుకుని, "పాతదే అమ్మమ్మా! అందరూ ముట్టుకున్నదే!" అని ఊరంతా వినేలా అరిచాను.

"మరెందుకే అంత మురిసిపోనావు?" అంటూ అమ్మమ్మ పెట్టె దింపి ఇచ్చింది. వాకిలంతా ఒకటే నవ్వు.

సోమవారం సిగ్నల్ దొరికే గుట్ట మీద కూర్చుని పరీక్ష రాశాను. సన్న జల్లు పడుతుంటే మావ గొడుగు పట్టుకున్నాడు (నాకు కాదు, ల్యాప్‌టాప్‌కి). ఉద్యోగం వచ్చింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ తరగలేదు.

మొన్న ఆఫీసువాళ్లు ఇంకో ల్యాప్‌టాప్ ఇచ్చారు, సీలు కూడా విప్పనిది. తెచ్చి అమ్మమ్మ ఒళ్లో పెట్టాను. అటూ ఇటూ తిప్పి, "ఇదైనా కొత్తదేనేటే?" అని అనుమానంగా అడిగింది. ముమ్మాటికీ కొత్తదేనన్నాను. పెట్టె కోసం ఆశపడ్డ ఆనాటి గుంటను తలుచుకుంటే నవ్వూ వస్తుంది, ముద్దూ వస్తుంది. పున్నమికి ఇంకా వారం ఉంది. కొత్తది అటక మీద విత్తనాల బుట్ట పక్కన ఉంది. ఇదంతా ఆ పాతదాని మీదే టైపు చేస్తున్నాను.